అరచేతి తెరపై అంకెలు: ఫోన్ కోసం చార్ట్ గీయడం ఎలా?

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు ఫోన్‌లో చార్ట్ చూసేది నిలబడి, ఎండలో, ఒంటిచేత్తో. రెండో చేతిలో తక్‌పట్టీయో (సరుకు అమ్మిన చీటీ) మంచినీళ్ల సీసానో ఉంటుంది. కాజీపేట నుంచి ఆటోలో వచ్చే కాలేజీ పిల్లలైనా, కలెక్టరేట్‌లో ఫైళ్ల మధ్య వాట్సాప్ తెరిచే ఉద్యోగి అయినా అంతే. మీ చార్ట్‌కు దొరికేది కొన్ని సెకన్లు. అయినా మనలో చాలామంది చార్ట్‌ను ల్యాప్‌టాప్‌లో పెద్దగా గీసి, చివర్లో ఫోన్‌కు పట్టేలా కుదిస్తారు. కుదిస్తే బొమ్మ చిన్నదవుతుంది గానీ అందులోని సరుకు తగ్గదు. పన్నెండు గీతలు పన్నెండుగానే ఉండి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అక్షరాలు చీమలవుతాయి.

ఫోన్‌లో చూడాల్సిన చార్ట్‌ను ఫోన్ కొలతతోనే మొదలుపెట్టాలి, దానితో ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పించాలి. అదెలాగో ఇక్కడ వరసగా చెబుతాను. పత్రికల్లో, వ్యవసాయ శాఖలో, ఊళ్లలో పనిచేసే సంస్థల్లో అంకెలను జనానికి చేరవేసేవాళ్ల కోసం ఇది. కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు. గూగుల్ షీట్స్, డేటారాపర్, ఫ్లరిష్, ఏది వాడినా ఇవే మెట్లు.

1. ముందు ప్రశ్న రాసుకోండి

"పత్తి ధరల మీద ఒక చార్ట్ కావాలి" అన్నది ప్రశ్న కాదు. "పత్తి మద్దతు ధర ఐదేళ్లలో ఎంత పెరిగింది?" అన్నది ప్రశ్న. "ఈ వారం మార్కెట్‌లో పలికిన ధర మద్దతు ధరకు పైన ఉందా, కింద ఉందా?" అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటికీ రెండు చార్ట్‌లు కావాలి. పెద్ద తెర మీద రెండూ ఒకే చోట పెట్టినా చెల్లుతుందేమో, ఫోన్‌లో చెల్లదు.

ప్రశ్నకు దొరికిన జవాబే మీ శీర్షిక. "పత్తి కనీస మద్దతు ధర: 2020-21 నుంచి 2025-26 వరకు" అని పెడితే అది ఫైలు పేరులా ఉంటుంది. "పత్తి మద్దతు ధర ఐదేళ్లలో రూ.2,285 పెరిగింది" అంటే చార్ట్ చూడకుండా పక్కకు జరిపేసినవాడికి కూడా విషయం చేరిపోతుంది. ఆ కింద చిన్న అక్షరాల్లో కొలత చెప్పాలి: పొడవు పింజ పత్తి, క్వింటాల్‌కు రూపాయల్లో. కొలత చెప్పని చార్ట్‌ను నేనైతే నమ్మను.

జవాబు రెండు మూడు అంకెల్లో తేలిపోతుంటే చార్టే వద్దు. ఆ అంకెల్నే పెద్ద అక్షరాల్లో రాసేయండి.

2. డేటాను తగ్గించండి, అతుకులు చూసుకోండి

తగ్గించడం తేలికే. ప్రశ్నకు పనికిరాని నిలువు వరసలు తీసేయాలి, రోజువారీ లెక్క అవసరం లేనిచోట వారం సగటు తీసుకోవాలి, దశాంశాలు కొట్టేయాలి. ధర రూ.7,521.00 అని రాస్తే ఆ చివరి రెండు సున్నాల వల్ల చోటు తప్ప ఏమీ పోదు, కానీ ఫోన్‌లో కరువైనది చోటే కదా.

అతుకుల సంగతే కష్టం. మన వైపు డేటాతో పనిచేసేవాళ్లందరికీ తగిలే గుంట ఒకటుంది, జిల్లాల విభజన. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. అంటే 2012, 2018, 2022 సంవత్సరాల పట్టికల్లో ఉన్న "వరంగల్" మూడు వేర్వేరు ప్రాంతాలు. ఆ పేరు చూసి గీత కలిపేస్తే 2016లో పత్తి సాగు ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపిస్తుంది. పెద్ద తెరపై అయితే కింద ఒక నోట్ పెట్టి బయటపడొచ్చు. ఫోన్‌లో ఆ నోట్ చదివేదెవరు? గీత పడిపోయిందన్నదే గుర్తుండిపోతుంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, కొత్త జిల్లాలన్నీ కూడి "ఉమ్మడి వరంగల్" అని చూపడం. జనం ఇప్పటికీ వాడే మాట కాబట్టి వెంటనే అర్థమవుతుంది. అయితే కూడిక అచ్చంగా పాత జిల్లాకు సమానం కాదు. చేర్యాల సిద్దిపేటకు పోయింది, కాటారం, మహదేవ్‌పూర్ కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి, గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో కలిశాయి. మండల స్థాయి డేటా చేతిలో ఉంటే అక్కడి నుంచి కూడుకోవడం మేలు. రెండో దారి, విభజన తర్వాతి ఏడాది నుంచే మొదలుపెట్టడం. మూడోది, గీతను 2016 దగ్గర తెంపి, ఆ ఖాళీలోనే "జిల్లా విభజన" అని రాయడం. ఫోన్‌కు నేను ఎక్కువగా రెండోదే ఎంచుకుంటాను. పాత ఏళ్ల కథ పోయినా మిగిలింది నికరంగా ఉంటుంది.

3. బొమ్మ రకం

1984లో విలియం క్లీవ్‌ల్యాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు మనుషుల కన్ను దేన్ని బాగా కొలుస్తుందో పరీక్షించారు. ఒకే కొలబద్ద మీద చుక్కలు ఎక్కడున్నాయో పోల్చడంలో కన్ను అన్నిటికన్నా తక్కువ పొరపాటు చేస్తుంది. పొడవులు, కోణాలు పోల్చడం దాని తర్వాత. వైశాల్యాలు ఇంకా వెనక. బొమ్మ ఎంత చిన్నదైతే ఈ తేడా అంత బయటపడుతుంది. అందుకే వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపే పై (pie) చార్ట్‌ను ఫోన్‌కు ఎక్కించకపోవడమే మంచిది. ఆరు ముక్కల పై చార్ట్, పక్కన రంగుల పెట్టెలతో సూచిక, వాటి మధ్య కన్ను అటూ ఇటూ పరుగెత్తడం, ఇదంతా ఎందుకు?

పేర్లను పోల్చాలంటే అడ్డంగా పడుకోబెట్టిన బార్లు వాడండి. నిలువు బార్ల కింద "భద్రాద్రి కొత్తగూడెం", "రాజన్న సిరిసిల్ల", "కుమురం భీం ఆసిఫాబాద్" అని రాయాలంటే అక్షరాలను వాలుగా తిప్పక తప్పదు. తల పక్కకు వంచి చార్ట్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అడ్డం బార్లలో పేరు హాయిగా పడుతుంది, వరసలు ఎన్నయినా కిందికి సాగుతాయి. ఫోన్‌లో కిందికి జరపడానికి ఎవరూ విసుక్కోరు, పక్కకు జరపమంటేనే విసుగు.

కాలంతో మారేదాన్ని చూపాలంటే లైన్ చార్ట్. రెండు మూడు గీతలు దాటొద్దు. అయిదు పంటలుంటే అయిదు చిన్న చార్ట్‌లు ఒకదాని కింద ఒకటి, అన్నిటికీ ఒకే కొలబద్దతో పెట్టండి.

మ్యాప్ అంటే అందరికీ మోజు. రాష్ట్రం మ్యాప్‌ను ఫోన్ వెడల్పులో పెడితే 7,483 చదరపు కిలోమీటర్ల భద్రాద్రి కొత్తగూడెం కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది, 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ చుక్కలా మిగులుతుంది. జనం ఎక్కువ ఎక్కడో చెప్పే మ్యాప్ అయితే అది పూర్తిగా తలకిందుల బొమ్మ. వాన, వరద, కరువు లాంటి నేలతో ముడిపడ్డ విషయాలకు మ్యాప్ సరే. మిగతా వాటికి 33 జిల్లాల పేర్లూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు పేర్చిన బార్ల జాబితా ఇచ్చి, చదివేవారి జిల్లాను ముదురు రంగులో చూపండి. అందరూ ముందు వెతికేది సొంత జిల్లానే.

ఇక మార్కెట్ ధరల విషయం. పత్రికల్లో వచ్చేది చాలావరకు జెండా పాట, అంటే ఆ రోజు పలికిన అత్యధిక ధర. దాన్నే గీతగా గీస్తే ఇంట్లో ఉన్న రైతు ఆశపడి బండి కట్టుకొస్తాడు. యార్డులో తన సరుకుకు వెయ్యి తక్కువ చెప్తే గొడవ. అధికారిక పట్టికల్లో కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు మోడల్ ధర కూడా ఉంటుంది. ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది చెబుతుంది. కాబట్టి రోజుకొక సన్నని పట్టీ గీయండి, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా. మోడల్ ధర దగ్గర పట్టీ మీద లావుపాటి చుక్క పెట్టండి. ఊరికే ఉదాహరణకు, కనిష్ఠం 6,200, మోడల్ 6,900, జెండా పాట 7,300 అనుకుందాం. చుక్క చూడగానే తనకు రాబోయేది సుమారు ఎంతో తెలుస్తుంది, పట్టీ పొడవు చూస్తే సరుకు నాణ్యతను బట్టి ఎంత తేడా పడుతోందో తెలుస్తుంది. వీటన్నిటినీ దాటుకుంటూ మద్దతు ధర దగ్గర ఒక గీత: 2025-26కు పొడవు పింజ పత్తికి రూ.8,110. ఆ గీత పక్కనే "8% తేమకు" అని రాయడం మరవొద్దు. తేమ 8% దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) ధర తగ్గిస్తుంది, 12% దాటితే కొనదు. ఆ మాటలు లేని గీత సగం నిజమే చెబుతుంది.

4. కొలతలు: 360 పిక్సెళ్ల లెక్క

చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల తెర వెడల్పు డిజైన్ లెక్కలో 360 పిక్సెళ్లు. అటూ ఇటూ 16 చొప్పున అంచు వదిలితే 328 మిగులుతాయి. ఇంక ఈ 328లోనే అంతా జరగాలి. పత్తి మద్దతు ధర చార్ట్‌నే గీసి చూద్దాం. అంకెలు ఇవి:

2020-21: 5,825
2021-22: 6,025
2022-23: 6,380
2023-24: 7,020
2024-25: 7,521
2025-26: 8,110

ఎడమ వైపు సంవత్సరం రాయడానికి 60 పిక్సెళ్లు, దాని పక్కన 8 ఖాళీ. బార్‌కు మిగిలింది 260. అన్నిటికన్నా పెద్దదైన 8,110కి మొత్తం 260 ఇస్తే 5,825కి 187 వస్తుంది. బార్ మందం 24, మధ్య ఖాళీ 10 అనుకుంటే ఆరు బార్లకు సుమారు 200 పిక్సెళ్ల ఎత్తు. శీర్షికకు, కొలతకు, కింద తేదీకి ఇంకో 150. మొత్తం చార్ట్ తెరలో సగం కూడా కాదు. ధరను బార్ లోపలే, కుడి కొసన, తెల్లటి అక్షరాల్లో రాయండి. అంకె బార్ మీదే ఉంది కాబట్టి కింద అంకెల అక్షం అక్కర్లేదు, వెనక గళ్ల గీతలూ అక్కర్లేదు. తీసేయండి.

187కూ 260కీ తేడా చప్పగా ఉందని కొందరు బార్లను 5,500 దగ్గర మొదలుపెడతారు. అప్పుడు మొదటి బార్ విలువ 325, చివరిది 2,610 అవుతాయి. ఎనిమిది రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది, అసలు పెరిగింది 39 శాతం. బార్ అంటే పొడవే లెక్క, కాబట్టి సున్నా నుంచే మొదలవ్వాలి, ఇందులో బేరం లేదు. పెరుగుదలే చూపాలంటే లైన్ చార్ట్‌కు మారండి. గీతకూ, పైన చెప్పిన ధరల పట్టీకీ సున్నా తప్పనిసరి కాదు, అక్కడ కన్ను చూసేది చోటును, పొడవును కాదు. (సాగు ఖర్చు ఎంత పెరిగిందో ఈ చార్ట్ చెప్పదు. అది అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు వేరే చార్ట్ గీయాలి.)

మిగతా అంకెల్ని మరుగుజ్జులను చేసే ఒక్క పెద్ద అంకె వచ్చినప్పుడు ఏం చేయాలి? 2023 జులై 27 ఉదయానికి, 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. ఆ నెల రోజువారీ వానను 200 పిక్సెళ్ల ఎత్తులో గీస్తే 20 మిల్లీమీటర్ల మామూలు వానకు ఆరు పిక్సెళ్లే దక్కుతాయి. అప్పుడు పెద్ద బార్‌ను మధ్యలో విరిచి వంకర గీత పెట్టే అలవాటు ఉంది. వద్దు, ఆ బార్ అంత పొడవుండటమే అసలు వార్త. దాన్ని పూర్తిగా ఉంచి, దాని మీద మాత్రమే అంకె వేయండి. 204.5 మిల్లీమీటర్ల దగ్గర ఒక గీత గీయండి. వాతావరణ శాఖ లెక్కలో "అత్యంత భారీ వర్షం" మొదలయ్యేది అక్కడే. బార్ ఆ గీతకు మూడింతలు పైకి పోవడం కళ్లారా కనిపిస్తుంది. మీ ప్రశ్న ఆ రోజు గురించి కాక వానాకాలం మొత్తం గురించి అయితే, జూన్ నుంచి వానను కూడుకుంటూ పోయే గీత గీయండి. అందులో ఆ రోజు నిట్టనిలువు మెట్టులా నిలబడుతుంది, మిగతా రోజులూ చదవడానికి వీలుగా ఉంటాయి.

5. తెలుగు అక్షరానికి చోటు

చార్ట్ సాఫ్ట్‌వేర్‌లన్నీ ఇంగ్లీష్ అక్షరాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. "క్వింటాల్‌కు రూపాయల్లో" అన్న వరసనే 11 పిక్సెళ్లలో పెట్టి చూడండి, ఒత్తులన్నీ మరకలవుతాయి. లేబుళ్లు 14కు, శీర్షిక 18కి తగ్గకూడదు. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైనే ఉండాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తన్నుతుంది. అక్షరాల మధ్య అదనపు ఎడం పెట్టే సెట్టింగ్ ఉంటే సున్నా చేసేయండి. బాగా బొద్దు అక్షరాలు చిన్న సైజులో లోపలి ఖాళీలు పూడుకుపోయి కనిపిస్తాయి, మధ్యరకం బొద్దు చాలు.

పేరు పట్టకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు కోసేసి మూడు చుక్కలు పెడతాయి. ఆ కోత ఒత్తు మధ్యలో పడితే "భూపాలపల్లి" కాస్తా "భూపాలపల్…" అవుతుంది. ఆ సెట్టింగ్ మార్చి, పొడవు పేర్లను రెండు వరసల్లో రాయండి, లేదా పేరును బార్ పక్కన కాకుండా బార్ పైన పెట్టండి. రెండోదే నాకు నచ్చిన పద్ధతి, బార్‌కు మొత్తం 328 పిక్సెళ్లూ దక్కుతాయి.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయించిన మాటల్ని నేరుగా చార్ట్‌లో అతికించొద్దు, పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాకే వాడాలి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది.

అంకెల దగ్గర ఇంకో చిక్కు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను 250,000 అనో, 1.5 మిలియన్ అనో వేస్తుంది. మనకు కావలసింది 2,50,000, లేదా 2.5 లక్షలు, 15 లక్షలు. లొకేల్ సెట్టింగ్‌లో భారతదేశం ఎంచుకుంటే కామాలు సరైన చోట పడతాయి.

6. రంగు, ఎండ

ఎండలో లేత రంగులు ముందు మాయమవుతాయి. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1, చార్ట్ గీతలకు 3:1 ఉండాలని ఉంది. తెల్లటి తెరపై #999999 బూడిద రంగు అక్షరాలకు వచ్చేది 2.85 మాత్రమే. #767676 అయితే గట్టెక్కుతుంది. మే నెలలో ఓరుగల్లు ఎండకు ఆ కనీసం కూడా చాలదు, ఇంకా ముదురు వాడండి.

ఒక ముదురు రంగు, మిగతాదంతా బూడిద. చాలా చార్ట్‌లకు ఇంతే చాలు. ఎరుపు-ఆకుపచ్చ జంటను విడదీసి చూడలేని కళ్లు మగవాళ్లలో తక్కువేమీ కాదు, కాబట్టి రెండు రంగులు తప్పనిసరైతే నీలం, నారింజ. వాన చార్ట్‌లలో మాత్రం ఆరెంజ్, రెడ్ అంటేనే అలర్ట్ అని జనం చదువుకుంటారు. ఊరికే అందం కోసం ఎరుపు వాడితే ఫోన్లు మోగుతాయి. ఇంకొకటి, మన దగ్గర గులాబీ వేసినా కాషాయం వేసినా ముందు అడిగేది "ఇది ఏ పార్టీ చార్ట్?" అని. బార్ల రంగు కోసం ఆ తలనొప్పి ఎందుకు?

7. వేలు

ల్యాప్‌టాప్‌లో మౌస్ తీసుకెళ్లి పెడితే అంకె కనిపిస్తుంది. ఫోన్‌లో మౌస్ లేదు. ఆండ్రాయిడ్ డిజైన్ సూచనల్లో వేలితో నొక్కే చోటు కనీసం 48 పిక్సెళ్లు ఉండాలంటారు. నెల రోజుల ధరల గీతను 328 పిక్సెళ్లలో గీస్తే రోజుకు వచ్చేది 11. వేలు పెడితే నాలుగు రోజులు దాని కిందే ఉంటాయి. కాబట్టి ముఖ్యమైన అంకెలు, అంటే చివరి రోజుది, అత్యధికం, అత్యల్పం, నొక్కకుండానే కనిపించాలి. నొక్కితే వచ్చేది అదనపు సమాచారమే అయ్యుండాలి.

8. వాట్సాప్ ప్రయాణం

మీరు వెబ్‌పేజీలో ఎంత చక్కగా పెట్టినా చార్ట్ ఊళ్లోకి చేరేది స్క్రీన్‌షాట్‌గానే. పేజీ పోతుంది, పైన రాసిన వివరణ పోతుంది, బొమ్మ ఒక్కటే గ్రూపుల్లో తిరుగుతుంది. కాబట్టి శీర్షిక, కొలత, తేదీ, డేటా ఎక్కడిదన్నది, ఈ నాలుగూ బొమ్మ లోపలే ఉండాలి. "నేటి ధర" అని ఎప్పుడూ రాయకండి. నెల తర్వాత ఫార్వర్డ్ అయినా అది "నేటి ధర"గానే ఉంటుంది. తేదీని సంవత్సరంతో సహా వేయండి, అది కూడా కింద మూలన కాకుండా శీర్షిక పక్కనే. మూలన ఉంటే కత్తిరించి పంపేవాళ్లు ఉంటారు.

360 వెడల్పు, 450 ఎత్తులో గీసి, మూడు రెట్లు పెంచి 1080 × 1350గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అంతకన్నా పొడుగైతే చాట్‌లో పైనా కిందా కోసి చూపిస్తుంది, నొక్కితే గానీ శీర్షిక కనిపించదు. వాట్సాప్ బొమ్మను పిండి చిన్నది చేస్తుంది కాబట్టి సన్నని గీతలు అలుక్కుపోతాయి. గీత మందం 2 పిక్సెళ్లకు తగ్గించొద్దు.

9. పంపే ముందు పరీక్ష

మొదట మీకు మీరే ఒక బొమ్మ పంపుకోండి. వాట్సాప్ గుండా వచ్చిన బొమ్మనే చూడాలి, గ్యాలరీలో ఉన్న అసలుది కాదు. ఫోన్ సెట్టింగ్స్‌లో తెరను నలుపు-తెలుపు చేసి చూడండి. బార్ల మధ్య తేడా అప్పుడూ తెలుస్తోందా? వెలుతురు సగానికి తగ్గించి, బయట ఎండలోకి వెళ్లి చూడండి.

తర్వాత మీ పనితో సంబంధం లేని మనిషి చేతికివ్వండి. అయిదు సెకన్లయ్యాక ఫోన్ వెనక్కి తీసుకుని అడగండి.

"కాకా, ఇండ్ల ఏం కనబడ్డది?"

"పత్తి మద్దతు ధర పెరిగినట్టున్నది బిడ్డా."

ఇలా వస్తే సరే. "ఏవో నీలం పట్టీలున్నయి" అంటే శీర్షిక పని చేయలేదు, దాన్ని తిరగరాయండి. "పెరిగింది గని ఎంతనో తెల్వదు" అంటే చివరి బార్ మీది అంకె చిన్నదైంది. "ఇది క్వింటాల్‌కా, కిలోకా?" అని అడిగితే కొలత వరస కనబడలేదు. మీరు పక్కనుండి వివరించొద్దు, ఎంత నోరు దురద పెట్టినా. ముగ్గురు మనుషులు ఒకే చోట తడబడితే తప్పు చార్ట్‌దే.

పంపాక అంకె తప్పని తేలితే వాట్సాప్‌లో "అందరికీ డిలీట్" చేసే వీలు సుమారు రెండున్నర రోజులే ఉంటుంది, అదీ మీరు పంపిన గ్రూపుల్లోనే. ఫార్వర్డ్ అయినవి మీ చేతిలో ఉండవు. అందుకే సవరించిన బొమ్మలో శీర్షిక పైన "సవరణ" అని పెద్దగా రాసి, తేదీతో పాటు వేళ కూడా వేసి, తప్పు అంకెనూ సరైన అంకెనూ పక్కపక్కన చూపి, మొదట పంపిన గ్రూపులన్నిటికీ మళ్లీ పంపండి.